ముఅజ్జల్... మువజ్జల్

ఉర్దూలో రెండు మాటలున్నాయి. చెవికి దాదాపు ఒక్కటే. కాగితం మీద రాస్తేనే తేడా తెలుస్తది. ఒకటి ఐన్‌తో రాస్తారు, ఇంకొకటి హమ్జాతో. మా ఉర్దూ మీడియం బడిలో మౌల్వీ సాబ్ ఇమ్లా చెప్పేటప్పుడు ఈ రెండింటినీ కావాలనే పక్కపక్కన పెట్టేవారు. సగం క్లాసు తప్పు రాసేది.

ఐన్‌తో రాసే ముఅజ్జల్ అంటే వెంటనే ఇచ్చేది. తొందర అనే అర్థమున్న 'ఉజ్లత్' దానికి చుట్టం. హమ్జాతో రాసే మువజ్జల్ అంటే గడువు పెట్టి తర్వాత ఇచ్చేది. దీని చుట్టం 'అజల్'. అజల్ అంటే గడువు. మన బోల్‌చాల్‌లో అజల్ అంటే మౌత్ కూడా. డిగ్రీలో తెలుగు చదువుకున్నాక ఎంత వెతికినా ఐన్‌కి సరైన అక్షరం మన లిపిలో దొరకలేదు. అందుకే మీకు తేడా తెలవాలని ఒకటి ముఅజ్జల్ అనీ, రెండోది మువజ్జల్ అనీ రాస్తున్నా. ఐన్, హమ్జా తెలిసినవాళ్ళు మాఫ్ చేయండి.

ఈ రెండు మాటలు మామూలు మనిషికి జిందగీలో ఒకేసారి వినబడతాయి. నికాహ్ రోజు.

మా పాలమూరులో నికాహ్‌లు ఎక్కువ ఎండాకాలంలోనే. పిల్లల పరీక్షలు అయిపోతాయి, బొంబాయికీ, పూనాకీ, హైదరాబాద్‌కీ పనులకు పోయినవాళ్ళు ఇంటికొస్తారు. 2025లో మే నెల జిల్ఖాద్‌లో పడ్డది. రెండు ఈద్‌ల మధ్య ఏ పండుగా లేని నెల కాబట్టి మా ముసలమ్మలు దాన్ని 'ఖాలీ కా మహీనా' అంటారు. ఆ నెలలో షాదీలు పెట్టుకోవద్దని కూడా కొందరు అంటారు. దీన్‌లో అట్లాంటి మనాయీ ఏదీ లేదు. అయినా ఫంక్షన్ హాళ్ళు ఖాళీగా లేవు. 42 డిగ్రీల ఎండలో షేర్వానీ తొడిగి, మెడనిండా పూలు వేసి, ముఖం మీద సెహ్రా కట్టి కూర్చోబెడితే ఆ దుల్హా సబర్‌ని మెచ్చుకోవాల్సిందే.

ఖాజీ సాబ్ వస్తారు. వకీల్, ఇద్దరు గవాహ్‌లు లోపలికెళ్ళి దుల్హన్ ఇజాజత్ తీసుకొస్తారు. ఖుత్బా చదువుతారు. ఈజాబ్-ఓ-ఖుబూల్ అయిపోతుంది. సియాహనామా మీద దస్తఖత్‌లు. ఖజూర్లు, మిస్రీ చేతులు మారతాయి. ఈ సందట్లో మైకులో ఒక వాక్యం వస్తుంది. మెహర్ ఇంత రూపాయలు, ఇన్ని దీనార్-ఎ-సుర్ఖ్, మువజ్జల్ అని. అందరి ధ్యాస అప్పటికే దస్తర్‌ఖాన్ వైపు ఉంటది. ఎంత మెహర్ అని బయటికొచ్చాక అడిగి చూడండి. పదిమందిలో ఒక్కరు చెబితే ఎక్కువ.

మెహర్ అనేది దుల్హా తరఫు నుంచి దుల్హన్‌కి దక్కే హఖ్. అది ఆమె తండ్రిది కాదు, అత్తింటిదీ కాదు. ఆమె ఒక్కదానిదే. ఏం చేసుకున్నా అడిగే హక్కు ఎవరికీ లేదు. మన హనఫీ ఫిఖహ్‌లో మెహర్ పది దిర్హమ్‌లకు తగ్గకూడదు. వెండి లెక్కన సుమారు 30 గ్రాములు. బీబీ ఫాతిమా మెహర్ అని చెప్పుకునే మెహర్-ఎ-ఫాతిమీ సుమారు 1,530 గ్రాముల వెండి అని మన ఉలమా లెక్క కడతారు. 2025 వేసవిలో కిలో వెండి లక్షకు అటూ ఇటూ నడిచింది. అంటే లక్షన్నర. ఇక్కడో తమాషా ఉంది. ఆ లక్షన్నర అంటే అమ్మో అనే ఇళ్ళల్లోనే జోడే కీ రఖమ్ కింద అంతకు మూడింతలు దుల్హన్ తండ్రి దగ్గర లెక్కపెట్టి తీసుకుంటారు. తీసుకునేది నఖ్ద్. ఇచ్చేది ఉధార్. మైకులో వినబడేది మాత్రం ఇచ్చేదే.

షాదీ ముబారక్ పథకం 2014 అక్టోబర్ 2న 51 వేలతో మొదలైంది. ఇప్పుడు 1,00,116 రూపాయలు ఇస్తున్నారు. గరీబ్ తల్లిదండ్రులకు అది ఎంత ఆసరానో ఆ చెక్కులు పంచే సభలు ఎన్నో కవర్ చేసినవాడిగా నాకు తెలుసు. చెక్కు పట్టుకున్న అమ్మల కళ్ళల్లో నీళ్ళు చూసిన. ఆ చెక్కు బ్యాంకులో పడకముందే అల్మారీ, పలంగ్, బండి కింద ఖర్చు రాసేసి ఉన్న ఇళ్ళు కూడా చూసిన.

పోయిన నెల మా వెనక గల్లీలో ఒక మౌత్ అయింది. వెల్డింగ్ షాపు ఉండేది ఆయనకు. యాభై కూడా నిండలేదు. మధ్యాహ్నం షాపులో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. జోహర్‌కి మాట్లాడినవాడు అసర్‌కి లేడు. మగవాళ్ళం బయట టెంటు కింద కూర్చున్నాం. లోపల జనానాలో జరిగింది రాత్రి మా బేగం చెప్పింది.

గుసుల్ అయింది, కఫన్ తొడిగారు. జనాజా లేపేముందు ఒక పెద్దావిడ బేవా దగ్గరకొచ్చి, "మెహర్ మాఫ్ కర్ దో బేటీ, ఉస్‌కీ ఖబర్ హల్కీ హోతీ" అన్నదంట. మన దగ్గర ఇదొక రివాజ్. ఇంకో ఇద్దరు అదే మాట అన్నారు. ఆమె తల ఎత్తి చూసింది. మాఫ్ చేస్తా అనలేదు, చేయను అనలేదు. "ఎంతనో నాకు యాద్ లేదు ఖాలా" అన్నది.

గదిలో ఎవ్వరికీ యాద్ లేదు. పెద్దమ్మాయి లోపలికెళ్ళి సందూక్ అడుగు నుంచి సియాహనామా వెతికి తెచ్చింది. నికాహ్ 2003లో. 5,051 రూపాయలు. మువజ్జల్.

బేగం ఇది చెప్పి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. నేను మనసులో లెక్క కడుతూ కూర్చున్నా. 2003లో కిలో వెండి ఎనిమిది వేల లోపే. ఆ 5,051 రూపాయలకు ఆ రోజు అరకిలో పైనే వెండి వచ్చేది. 2025 వేసవి ధరకు 50 గ్రాములు. ఇరవై రెండేళ్ళు సందూక్‌లో పడుకున్న కాగితం మీద ఆమె హఖ్ ఎండలో పెట్టిన బరఫ్ లెక్క కరిగిపోయింది. మన బుజుర్గులు రూపాయలతో పాటు దీనార్-ఎ-సుర్ఖ్ అని ఎందుకు రాయించేవారో నాకు అప్పుడు సమజైంది. రూపాయి కరుగుతది, బంగారం కరగదు. ఆ సియాహనామాలో అదీ లేదు.

మస్అలా చూస్తే, మెహర్ ఖర్జ్. అప్పు. మనిషి పోయాక కఫన్-దఫన్ ఖర్చు తీసి, ముందు ఖర్జ్‌లు తీర్చాలి. తర్వాత వసియ్యత్. ఆ తర్వాతే వారసుల వాటా. వెల్డింగ్ మెషిన్ అన్నకా తమ్ముడికా అని మాట్లాడుకునే ముందు ఆమె మెహర్ ఆమె చేతిలో పెట్టాలి. ఖుషీతో మాఫ్ చేస్తే అది ఆమె పెద్దమనసు. కళ్ళముందు మయ్యత్ పెట్టుకొని, చుట్టూ నలుగురు నిలబడి అడిగితే దాన్ని ఖుషీ అని ఎవరంటారు? జుమా ఖుత్బాలో ఇది చెప్పే ఇమామ్‌లు లేకపోలేదు. వినేది మగవాళ్ళం, అడిగేది ఆడవాళ్ళు. మాట అటునుంచి ఇటు చేరదు. ఆడవాళ్ళకు ఈ మాట ఇంట్లో చెప్పాల్సింది మనమే.

ఆ రాత్రి ఛత్ మీద చాపలు పరుచుకొని పడుకున్నాం. కరెంటు పోయి ఉంది. దూరంగా క్లాక్ టవర్ వైపు మాత్రం లైట్లు కనబడుతున్నాయి. కాసేపాగి బేగం, "నాది నేను ఖర్చు పెట్టుకున్నా, అల్‌హమ్దులిల్లా" అన్నది. ఇద్దరం నవ్వినం. అది మా ఇంట్లో పాత జోక్.

మా నికాహ్ 2006 ఏప్రిల్‌లో. మెహర్ 11,000. మా అబ్బా పాత మనిషి, చదివింది ఐదో జమాత్. మాట మాత్రం కచ్చితం. మువజ్జల్ అని రాయబోతున్న ఖాజీ సాబ్‌ని ఆపి, "ఐన్‌తో రాయండి" అన్నాడు. ఆయన ఏ మాట అన్నా అంతే, పొట్టిగా. డబ్బులు జేబులో తయారుగా ఉన్నాయి. సాయంత్రం నేనే ఆమె చేతికిచ్చిన. కొత్త దుల్హన్, మెహర్ డబ్బుతో బంగారం కొంటదనో, బట్టలు కొంటదనో అనుకుంటాం కదా. రెండు వారాలు చూసింది. మా ఇల్లు బండల ఇల్లు. రాత్రి పది దాటినా గోడలు పొయ్యి లెక్క ఉంటాయి. మే మొదటి వారంలో వాళ్ళ తమ్ముడిని తీసుకొని పోయి కూలర్ కొనుక్కొచ్చింది. రేకు డబ్బా కూలర్. లోపల గడ్డి, అడుగున నీళ్ళ తొట్టి.

పందొమ్మిదేళ్ళు దాటింది. మోటార్ రెండుసార్లు మారింది, పంపు ఎన్నిసార్లో లెక్క లేదు, గడ్డి ప్రతి ఏడూ మారుస్తాం. డబ్బా మాత్రం అదే. ఇప్పటికీ ఎవరైనా దాని ముందు అడ్డంగా కూర్చుంటే, "హటో, మేరే మెహర్ కీ హవా హై" అంటది. పిల్లలు నవ్వుతారు. నాకు నవ్వుతో పాటు అబ్బా గుర్తొస్తాడు. ఆయనకు ఫిఖహ్ కితాబులు తెలవదు. ఇవ్వాల్సింది ఇచ్చేస్తే మనిషికి రాత్రి నిద్ర పడుతుందని మాత్రం తెలుసు.

ఆ రోజు నుంచి నాకు మెహర్ దాటి కూడా ఆ రెండు మాటలే తిరుగుతున్నాయి. మన మగవాళ్ళం బీవీకి ఇవ్వాల్సినవన్నీ హమ్జా ఖాతాలో రాస్తాం. ఇల్లు కట్టినాక, పిల్ల షాదీ అయినాక, రిటైర్ అయినాక, హజ్‌కి పోయినప్పుడు. ఎండాకాలం ఇచ్చే సుఖాలు మాత్రం ఆ ఖాతాలో పట్టవు. చింతచిగురు పట్టుమని పదిహేను రోజులు. ఆ లేత ఎరుపు పోయి ఆకు ముదిరితే చిగుర్ గోష్‌కి ఆ ఖట్టా రాదు. తాటిముంజ పొద్దున కొడితే పొద్దునే తినాలి. సాయంత్రానికి పులుస్తది. కొల్లాపూర్ మామిడి వచ్చేదాకా ఎదురుచూడాలి, వచ్చినాక ఆగదు. మల్లెపూలైతే మరీ అన్యాయం. మగ్రిబ్‌కి విచ్చుకుంటాయి, ఫజర్‌కి వాడిపోతాయి. గజ్రా రేపు తెస్తా అని చెప్పి రేపు తెస్తే అది రేపటి గజ్రా. ఇవాళ్టి బాకీ అట్లనే ఉంటది.

ఇవన్నీ దునియాదారీ ముచ్చట్లు, దీన్‌తో ఏం పని అనుకునేవాళ్ళున్నారు. హదీస్ కితాబుల్లో చూస్తే మన హుజూర్ సల్లల్లాహు అలైహి వసల్లం ఖజూర్‌తో పాటు తర్బూజ్ కలిపి తినేవారని ఉంది. దీని వేడిని దాని చలువ సరిచేస్తదని. బీబీ ఆయిషా నీళ్ళు తాగి ఇచ్చిన గిన్నెను తీసుకొని, ఆమె పెదవులు తగిలిన చోటే పెదవులు పెట్టి తాగేవారని ఉంది. అరబ్ ఎడారి ఎండ, ఒక గిన్నె నీళ్ళు, ఇద్దరు మనుషులు. మొహద్దిసీన్ ఇంత చిన్న విషయాన్ని పదిలంగా రాసి పెట్టారంటే అది చిన్నది కాదనే కదా. సురాహీలో నీళ్ళు ముంచి మీ బీవీకి ముందు ఇచ్చి చూడండి. సవాబ్ సంగతి అల్లాకి ఎరుక, ఆ రోజు ఇంట్లో ఖట్టీ దాల్ రుచి మాత్రం వేరేగా ఉంటది.

ఎప్పుడూ ఉంటదిలే అనుకున్నది కూడా ఎప్పుడూ ఉండదు. మా పిల్లలమర్రినే చూడండి. ఏడువందల ఏళ్ళ చెట్టు అంటారు. ఎకరాలకొద్దీ పరుచుకున్న నీడ. ఊరివాళ్ళం కదా, ఎప్పుడైనా పోవచ్చులే అని పాలమూరోళ్ళే దాన్ని తక్కువ చూసేవాళ్ళు. 2017 చివర్లో చెదలు తిన్న కొమ్మ విరిగి పడ్డది. సందర్శకుల్ని ఆపేశారు. మరుసటేడు కొమ్మలకు రంధ్రాలు చేసి, ఆస్పత్రిలో పేషెంట్‌కి ఎక్కించినట్టు సెలైన్ బాటిళ్ళతో మందు ఎక్కించారు. ఆ ఫోటోలు దేశమంతా చూసింది. 2025 మే నెలలో మిస్ వరల్డ్ పోటీకి వచ్చిన అమ్మాయిలు కూడా వచ్చి ఆ చెట్టు చూసిపోయారు. ఏడువందల ఏళ్ళ చెట్టుకే సెలైన్ తప్పలేదు. అరవై డెబ్బై ఏళ్ళ మనిషి హిసాబ్ ఎంత?

ఇంకో హిసాబ్ చెబుతా. మన హిజ్రీ సాల్ చాంద్‌ది. ప్రతి ఏడూ పదీ పదకొండు రోజులు ముందుకు జరుగుతది. రంజాన్ మొత్తం రుతువులన్నీ తిరిగి మళ్ళీ అదే చోటికి రావడానికి దాదాపు 33 ఏళ్ళు పడుతుంది. నా రోజా రఖాయీ 1987లో. ఏడేళ్ళవాణ్ణి. రంజాన్ దాదాపు మే అంతా ఉండె. మెడలో పూలదండ వేసి, అసర్ నుంచి మగ్రిబ్ దాకా నన్ను మరిపించడానికి ఇంటిల్లిపాదీ తిప్పలు పడ్డారు. మళ్ళీ మే నెల రంజాన్ వచ్చేసరికి నాకు ఇద్దరు పిల్లలు. 2020 రంజాన్ ఎవరు మర్చిపోతారు? లాక్‌డౌన్. మస్జిద్‌లకు తాళాలు. పగలు నేను జడ్చర్ల దగ్గర హైవే మీద ఉత్తరాదికి నడిచిపోతున్న కూలీల వార్తలు రాసి వచ్చేవాణ్ణి. వలస అంటే ఏందో పాలమూరోళ్ళకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. రోజా ఉన్న నోటితో వాళ్ళకు నీళ్ళ ప్యాకెట్లు అందిస్తుంటే, తాగండి భయ్యా, మీరు కూడా తాగండి అనేవాళ్ళు. రాత్రి ఇంట్లోనే తరావీహ్. నేను ముందు, పక్కన కొడుకు, వెనక బేగం, బిడ్డ. నాకు వచ్చిన సూరాలు కొన్నే. అవే తిప్పి తిప్పి చదివేవాణ్ణి. పెళ్ళయిన పద్నాలుగేళ్ళకు మేము జమాత్‌తో కలిసి నమాజ్ చేసింది ఆ నెలలోనే. ఆడవాళ్ళకు మన దగ్గర మస్జిద్ దూరం కదా.

సూరె బఖరలో రోజాల గురించి చెప్పే ఆయత్‌లు వరుసగా ఉంటాయి. 183 నుంచి 187 దాకా. మియా బీవీని ఒకరికొకరు లిబాస్‌గా చెప్పిన మాట ఎక్కడో నికాహ్ చాప్టర్‌లో లేదు, ఆ రోజాల వరుసలోనే 187లో ఉంది. ఆకలి, దప్పిక, సెహ్రీ, ఇఫ్తార్ మధ్యలో ఈ మాట. చిన్నప్పుడు హిఫ్జ్ చేసేటప్పుడు ఇది ఇక్కడెందుకుందో తెలియలేదు. తరావీహ్‌లో వెనక నుంచి ఆమె ఊపిరి వినబడుతున్నప్పుడు కొంచెం తెలిసినట్టయింది. లిబాస్ అంటే పండుగకు తీసి తొడుక్కునేది మాత్రమే కాదు. చెమటతో ఒంటికి అంటుకుని ఉండేది కూడా.

మళ్ళీ మే నెల రంజాన్ 2050 దగ్గరలో వస్తది. నాకు డెబ్బై, ఆమెకు అరవై ఏడు. ఉంటామో ఉండమో. ఒకరుండి ఒకరుండమో. ఛత్ మీద ఈ లెక్క చెబితే బేగం, "అప్పటిదాకా కూలర్ ఉంటది, నువ్వుండేది చూసుకో" అన్నది.

ఇప్పుడు అసలు ఖబర్. బేగం అక్క కూతురికి రిష్తా కుదిరింది. నికాహ్ బక్రీద్ అయినాక. అబ్బాయి జడ్చర్లలో ఏసీలు, ఫ్రిజ్‌లు రిపేర్ చేస్తాడు. పోయిన ఇత్వార్ షాసాబ్ గుట్టలో పెద్దల మాటామంతీ. మెహర్ మాట వచ్చింది. అబ్బాయి తరఫు పెద్దమనిషి, "లక్ష రాయండి, మువజ్జల్" అన్నాడు దర్జాగా. అందరూ మాషా అల్లా అన్నారు. నేను నోరు తెరవకముందే తెర వెనక నుంచి అమ్మాయి గొంతు వచ్చింది. వాళ్ళ ఖాలా దగ్గర ఆ జనాజా ఇంటి సంగతి అంతా విన్నట్టుంది.

"లక్ష నక్కో. ఆ రోజు చేతిలో ఎంత పెట్టగలరో అంత రాయండి. ముఅజ్జల్."

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఇదేం కొత్త రివాజ్ అని ఒకరన్నారు. చూసేవాళ్ళు తక్కువ అనుకుంటారని అమ్మాయి తరఫువాళ్ళే అన్నారు. అది నిజమే. మైకులో లక్ష అంటే వజన్ ఉంటది. అబ్బాయి తలదించుకొని కూర్చున్నవాడు, "మేరే పాస్ చాలీస్ హజార్ హై" అన్నాడు. వాళ్ళ అబ్బా వద్దని సైగ చేస్తున్నా వినలేదు. 40,000 ముఅజ్జల్ అని ఖాయం అయింది. కాగితం మీది లక్ష కన్నా చేతిలో ఉన్న నలభై పెద్దదని ఆ ఇద్దరూ మా అందరికన్నా ముందు లెక్క కట్టుకున్నారు.

అంతా బాగైపోయిందని చెప్పను. జోడే కీ రఖమ్ మాట వాళ్ళు ఎత్తలేదు గానీ బండి మాట ఇంకా నడుస్తోంది. నాలుగువందల మందికి బిర్యానీ మాట నడుస్తోంది. వచ్చే ఇత్వార్ మళ్ళీ కూర్చుంటున్నాం. ఈసారి నేను ముందే మాట్లాడాలని బేగం హుకుం.

వచ్చేటప్పుడు ఆటోలో ఆమె వాళ్ళ బిడ్డకు ఫోన్ చేసింది. మెహర్ డబ్బు ఎవ్వరికీ ఇవ్వద్దని, అప్పు అడిగినా ఇవ్వద్దని, అత్తకు చూపించొద్దని పది జాగ్రత్తలు చెప్పింది. చివరికి అన్నది:

"కూలర్ మాత్రం కొనకు బేటా. వాడే ఏసీ బిగిస్తాడు, అది అతని పని. నువ్వు నీకోసం ఏదన్నా కొనుక్కో."

దువాల్లో యాద్ ఉంచుకోండి. ఇంటికెళ్ళి మీ సియాహనామా ఒకసారి తీసి చూడండి. ఐన్‌తో ఉందా, హమ్జాతో ఉందా?